పసుపు పొట్లం

తైవాన్‌లోని యోంగ్‌తియెన్‌లో ఫాన్ తెన్‌వాంగ్‌ని దారి అడిగినవాడు వెళ్లాల్సిన చోటికి వెళ్లిన దాఖలా లేదు. "ఆ చిప్పుల కంపెనీయా? మా పెద్దమడి దాటాక, మా చిన్నాన్న గేదెల్ని కడిగే మలుపులో ఎడమకు తిరుగు" అంటాడు. పెద్దమడిలో ఇప్పుడు ఇరవై నాలుగంతస్తుల మేడ ఉంది, పేరు వెనిస్ రాజసౌధం. గేదెల మలుపులో కాఫీ కొట్టుంది. ముప్ఫై ఏళ్ల కిందట పక్కనున్న షించూలో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇక్కడ ఒక్కో మడీ అమ్ముడుపోయి, వరి తప్ప ఇంకేం ఎరగని ఊరు కాస్తా నగరమై కూర్చుంది. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఇంజినీర్లందరూ మెడలో కంపెనీ బిళ్లలు వేలాడేసుకుని ఒకే వంతెన మీద ఇరుక్కుపోతారు. సాయంత్రం వాళ్ల పిల్లలు లెక్కల ట్యూషన్ల ముందు ఇరుక్కుపోతారు. బిళ్ల లేనివాణ్ణి ఈ ఊళ్లో కుక్క కూడా లెక్కచెయ్యదు, ఎందుకంటే దాని మెడలోనూ ఒకటుంటుంది.

ఫాన్ మెడలోనూ ఉంది. పొలం అమ్మిన డబ్బుతో కాలుమీద కాలేసుకుని బతకొచ్చు, కానీ బతికే చోటు ఇంట్లో లేదు. భార్య లాన్‌మే తన నలుగురు స్నేహితురాళ్లతో పొద్దున తొమ్మిదింటికి మైకు పట్టుకుంటే, చీకటి పడేదాకా హాల్లో పాటలే. అరవై ఆరేళ్ల వయసులో ఆయనకు దొరికిన ప్రశాంతత అంతా ఆ కంపెనీ గేటు పక్క కాపలా గదిలోనే ఉంది. పైగా కంపెనీ లేచింది ఆయన మూడో మడిలోనే. ఒకప్పుడు ఆ మూలనే కూర్చుని పిచ్చుకల్ని తోలేవాడు, ఇప్పుడు కొరియర్ వాళ్లని తోలుతున్నాడు.

కంపెనీలో వెనక గదిలో కొత్తగా తెచ్చిన మిషన్ ఒకటుంది. వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక చీలిక మందం కొలుస్తుందట. దాని నెత్తిన ఎప్పుడూ కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఒకటుంటుంది. పొట్లం పేరుకు అర్థం "బుద్ధిగా ఉండు" అని. అది లేకపోతే మిషన్లు మొరాయిస్తాయని తైవాన్ అంతా నమ్మకం. డాక్టరేట్లు చేసినవాళ్లు నవ్వుతారు గానీ, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. పొట్లం ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, గడువు రోజున పాతదాన్ని తినేసి కొత్తది పెట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం గస్తీకి వెళ్లిన ఫాన్ పొట్లం మీద తేదీ చూశాడు. గడువు ఆ రోజే. ఆఫీసులో నరపురుగు లేదు. కంపెనీని ఆదుకునే భాగ్యం తనకు దక్కిందనుకుని పొట్లం విప్పి, ఆచారం ప్రకారం చివరి పలుకు దాకా తిన్నాడు. తరవాత ఎదురు కొట్టుకు వెళ్తే ఆకుపచ్చవి అయిపోయాయి. పెద్ద కంపెనీలవాళ్లు అట్టపెట్టెల లెక్కన ఎత్తుకుపోయారట. పసుపువి బోలెడున్నాయి. ఫాన్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆకుపచ్చగా ఉంటే పైరు ఇంకా పండలేదని, పసుపు తిరిగితే పంట చేతికొచ్చిందని. ఇంతకన్నా శుభం ఏముంటుంది? పసుపు పొట్లం తెచ్చి మిషన్ నెత్తిన పెట్టి, గేదెను నిమిరినట్టు నిమిరి వచ్చాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు మిషన్ దీపం పసుపురంగులో వెలిగింది. కొలతలన్నీ వణుకుతున్నాయి. ఒసాకా నుంచి కొనుగోలుదారులు బుధవారం వస్తున్నారు. తీగలు చూశారు, అద్దాలు తుడిచారు, చివరికి డైరెక్టర్ చుంగ్ తల పైకెత్తి పొట్లం చూసి కెవ్వుమంది.

"పసుపు! ప్రమాదం దీపం రంగు! ఎవడు పెట్టాడిది? తలుపు దగ్గర కెమెరా ఉంది, ఇప్పుడే చూస్తాను. వాడి బిళ్ల ఇవాళే పీకేస్తా!"

గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డ ఫాన్ బిళ్లను గుప్పిట్లో పట్టుకున్నాడు. బిళ్ల పోతే రేపు తొమ్మిదింటి నుంచి పాటలే. కానీ అంతలో అరికాళ్లకు ఏదో తగిలింది. నేల సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ఆయన పుట్టినప్పటినుంచీ ఎరిగినదే.

"అమ్మా, ఇది కాలువ" అన్నాడు. "వెనక గోడ కింద మా పాత పంటకాలువ ఉంది. పైన రోడ్డు వేసేశారు గానీ దిగువన ఇంకా నాలుగు మళ్లున్నాయి. మొదటి కారు వరికి నిన్ననే నీళ్లు వదిలుంటారు. అందుకే..."

"బాబాయ్, ప్లానులో ఏ కాలువా లేదు. ముందు ఆ పసుపు పొట్లం సంగతి తేలనీ!"

"అది నేనే పెట్టానమ్మా."

"పాతదేది?" అంది డైరెక్టర్.

"తినేశా. గడువు నిన్నటితో సరి. ఆకుపచ్చది దొరకలేదు. పసుపంటే మాకు పంట పండినట్టు, ఆకుపచ్చంటే ఇంకో నెల ఆగమని."

ఒక ఇంజినీరు నవ్వబోయి దగ్గాడు. డైరెక్టర్ కళ్లు మూసుకుని తెరిచింది. "సాయంత్రం నాలుగులోపు ఇది బాగుపడకపోతే బిళ్ల నా బల్ల మీద పెట్టి వెళ్లు బాబాయ్."

ఆకుపచ్చ పొట్లం కోసం ఇద్దరు డాక్టరేట్లు కారేసుకుని పక్క జిల్లా మియావ్‌లీ దాకా పరిగెత్తారు. ఫాన్ కాపలా గదిలోకి పోయి, కాలువ తూము తాళం ఉన్న పెదనాన్న కొడుకు అషెంగ్‌కి ఫోన్ చేశాడు.

"నీళ్లా? పొలం అమ్ముకుని పదహారేళ్లయింది, నీకు నీళ్లెందుకురా?"

"వద్దనే అడుగుతున్నా అన్నా! తూర్పు కాలువకు మళ్లించు. దిగువ మళ్లకు అటునుంచీ అందుతాయిగా."

"అందుతాయిలే, పూటాలస్యంగా. కానీ నా నడుం పడిపోయింది. అంత కావాలంటే నువ్వే వచ్చి తిప్పుకో. తిప్పడం గుర్తుందా, బిళ్ల వేసుకుని మర్చిపోయావా?"

భోజనం వేళ ఫాన్ స్కూటరెక్కి వెళ్లాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి బురదలో దిగి తూము చక్రం పట్టుకున్నాడు. మొదట కదల్లేదు. తిట్టాడు, కదిలింది. నీళ్లు నురగలు కక్కుతూ తూర్పుకు తిరిగాయి. అంత సంతోషం పొలం అమ్మిన చెక్కు చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు. ఆ సంగతి అక్కడే నిలబడి ఒప్పుకున్నాడు, వినడానికి కొంగ ఒకటే ఉంది.

ఆయన తిరిగొచ్చేసరికి వెనక గదిలో చప్పట్లు. మియావ్‌లీ పొట్లం మిషన్ నెత్తిన ఉంది, దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"చూశావా బాబాయ్, అంతా రంగు తేడా!" అంది డైరెక్టర్ మెరిసిపోతూ. "ప్లానులో లేని కాలువలు నువ్వు తవ్వుతావు!"

ఫాన్ అవునన్నట్టు తలూపాడు. పెద్ద చదువులవాళ్లు ఒక్కమాట మీదికి రావడం అరుదు, పాడుచెయ్యడం దేనికి? కారణం పొట్లం రంగేనని నివేదిక రాసి ముగ్గురు సంతకాలు పెట్టారు. శిక్షగా, ఇకమీదట పన్నెండు మిషన్ల పొట్లాలకూ బాధ్యత ఫాన్‌దే. బిళ్ల మాత్రం మెడలోనే ఉంది. రెండో కారు వరికి నీళ్లు ఎప్పుడు వదులుతారో కాపలా గది క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాడు.

ఐదున్నరకు పదకొండో అంతస్తులో ఇంటి తలుపు తీశాడు. లాన్‌మే పాట మంచి ఊపులో ఉంది. భర్త కాళ్ల మీద ఎండిన బురద చూసి సగంలో ఆగింది.

"ఎక్కణ్ణించి?"

"మూడో మడి నీళ్లు మళ్లించి వచ్చా."

స్నేహితురాళ్లు ముఖాలు చూసుకున్నారు. లాన్‌మే మైకు కింద పెట్టింది. పదహారేళ్లుగా ఆ ఇంట్లో వినపడని మాట, ఆలోచించకుండానే ఆమె నోట వచ్చేసింది.

"బయట కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతా."

ఫాన్ సరేనని వెనక్కి తిరిగాడు. పదకొండో అంతస్తులో బయట అనేది ఎక్కడుందో ఇద్దరికీ తెలియలేదు.