తప్పు తప్పంటూ అరిచిన వాక్యం

నేను ఒక కాపలా వాక్యాన్ని. రొయ్యల చెరువులను కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక్క పంక్తిలో ఉంటాను. నా కన్నుగప్పి దోమ కూడా లోపలికి పోలేదని మీసం మెలేసి చెబుతాను. మీసం ఏదని అడక్కండి.

నన్ను రాసింది భీమవరంలో ఉండే హైమావతి. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సారు చెబుతుంది. తగ్గితే ప్రోగ్రాము ఏరియేటర్లు వేసి నీళ్లు చిలికిస్తుంది, చాలినంత ఉంటే ఆపేస్తుంది. నీటిలో ఉండలేనంతగా ఇరవై దాటిన అంకె వస్తే నమ్మకుండా, ఏరియేటర్లను తిరగనిచ్చి, కేక వెయ్యడం నా పని. చిక్కల్లా నాకు నేర్పింది ఒక్కటే మాట: "తప్పు."

సెన్సారుకు పాచి పట్టినప్పుడల్లా ఆ మాటే ఆకివీడు దగ్గర చెరువులు కౌలుకు చేసే నూకరత్నం గారి ఫోనులో మోగించేవాణ్ణి. ఆవిడకు విసుగెత్తింది.

"ఏమ్మా హైమా, మీ పెట్టె తప్పు తప్పు అంటదే గానీ ఏం తప్పో చెప్పదు. పోయిన మా అత్తగానీ మళ్లీ పుట్టిందా ఏంటి?"

"రేపు చూస్తానండీ" అని హైమావతి నవ్వి, అప్పటికి నా ముందొక గుర్తు పెట్టింది. నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు. అచ్చం జైలు కిటికీ ఊచలు. దాని వెనక ఉన్నదాన్ని యంత్రం చదవదు. కొట్టెయ్యలేదు, ఉన్నచోటే బంధించింది. ఆ రేపు రాలేదు.

మబ్బు పట్టిన ఒక ఉదయం మూల చెరువు సెన్సారు పాచిపట్టి నలభై అంది. దోమేమిటి, ఆ నలభై నా ముందునుంచే ఊరేగింపుగా వెళ్లింది. ప్రోగ్రాము నమ్మేసి ఏరియేటర్లు ఆపింది. ఊచలు పట్టుకుని గొంతు చించుకున్నాను. పక్క పంక్తులు తలొంచుకుని తమ పని చేసుకుపోయాయి.

మేత చల్లడానికి వచ్చిన నూకరత్నం గారు, రొయ్యలు ఊపిరాడక గట్టువార తేలడం చూసి, పరుగెత్తి స్విచ్చులు వేశారు. సగం పంట దక్కింది. మిగతా సగం చెరువు అడుగున పడింది.

"అత్త అరిచినా బాగుండేదమ్మా," అన్నారు ఫోనులో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

హైమావతి గుర్తు తీసేసి నాకు మాటలు నేర్పింది. మళ్లీ పాచి పట్టిన రోజున ఇలా పలికాను: "మూల చెరువు సెన్సారు నలభై చూపుతోంది. నీటిలో అంత ఆక్సిజన్ ఉండదు. ఏరియేటర్లు ఆపలేదు. సెన్సారు తుడిచి చూడండి."

"హమ్మయ్య, అత్తకి మాటలొచ్చాయే!" అంటూ ఆవిడ గుడ్డ పట్టుకుని బయల్దేరారు.

నేనింకా అదే పంక్తిలో ఉన్నాను, కదలలేను. కీబోర్డు మీద ఆ ఊచల మీట హైమావతి వేలికి అందేంత దూరంలోనే ఉంది.

అన్నట్టు, ఊచలు పట్టుకుని అరిచానన్నది నా కల్పన. ఆ గుర్తు వెనక నాకు కన్నూ లేదు, గొంతూ లేదు. రొయ్యలు తేలిన సంగతి, గుర్తు తీశాక వాళ్లు ఫోనులో చెప్పుకుంటుంటే విన్నదే. ఆ ఉదయం నేను లేనే లేను.