పీట మారిన సిపాయిలు

కాసమ్మ పెరటి గట్టు మీద గోనెసంచి పరిచి, దాని మీద మంచుగడ్డ పెట్టి, రోకలితో రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బ అక్కర్లేకపోయింది. ఎక్కడ కొడితే గడ్డ ఎలా విడుతుందో ఆమె చేతికి తెలుసు. ఇరవై రెండేళ్లు చేపల గంపలోకి మంచు కొట్టిన చెయ్యి అది. ముక్కల్ని పాత థర్మాకోల్ పెట్టెలో సర్ది, మీద గుప్పెడు కళ్లుప్పు చల్లి, పాలిథిన్ సంచుల్లో విడివిడిగా చుట్టిన ఆరుగురు సిపాయిల్ని వాటి మధ్య పడుకోబెట్టింది. ఒక్కొక్కడూ ఆమె చిటికెన వేలంత కూడా లేడు. నీలంకోటు, తెల్లపట్టాలు, కందిగింజంత ముఖం, ఆ ముఖానికి మళ్లీ మీసం.

మూత పెట్టి గడియారం వైపు చూసింది. తొమ్మిదిన్నర. పదకొండున్నర దాకా వాళ్ల జోలికి పోకూడదు.

"ఇంకా ఎంతమంది ఉన్నారు?" లోపలి గదిలోంచి నీలకంఠం గారు అడిగారు.

"బరఫ్‌లో ఆరుగురు. పల్లెంలో ఇద్దరు. ఆ మొండి గుర్రపోడొకడు. తొమ్మిదిమంది బాబూ."

"ఆదివారానికి అవుతుందా?"

"ఆదివారం దాకా ఏటి? ఈయేళే అయిపోద్ది."

ఆదివారం విశాఖపట్నం నుంచి కొండలు గారు వస్తున్నారు. ఇల్లంతా ఆ రాక కోసమే ఎదురు చూస్తోంది. నీలకంఠం గారు క్షవరం చేయించుకున్నారు. కొండలు గారికి రొయ్యల వేపుడు ఇష్టమని ఆమె ఊరు పొడంపేటలో ఎవరి పడవ శనివారం ఒడ్డుకొస్తుందో కాసమ్మని కనుక్కోమన్నారు.

నీలకంఠం గారికి డెబ్బై నాలుగేళ్లు. ఒడిశాలోని ఈ ఛత్రపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో భూముల పటాలు గీసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. కొండలు గారిది అదే గదిలో పక్కబల్ల. ముప్పై అయిదేళ్ల కిందట ఓడలో పనిచేసే తెలిసినాయన చేత ఇద్దరూ కలిసి పైదేశం నుంచి ఈ సీసపు సిపాయిల్ని తెప్పించుకున్నారు. రంగులు వాళ్లే వేశారు. ఎర్రకోట్లవాళ్లు నీలకంఠం గారి పటాలం, నీలికోట్లవాళ్లు కొండలు గారిది. పెద్దబల్ల మీద గుట్టలూ వాగులూ అమర్చి, పాచికలు వేసి, వంతులవారీగా సిపాయిల్ని నడిపిస్తూ యుద్ధం చేసేవారు. ఒక్కో యుద్ధానికి నెలలు పట్టేది. కొండలు గారు విశాఖపట్నం వెళ్లిపోయాక కూడా ఏడాదికోసారి వచ్చి ఆడేవారు. ఎనిమిదేళ్ల కిందట అలా వచ్చినప్పుడు భార్యకి జబ్బు చేసిందని కబురొచ్చి ఆట మధ్యలో లేచి వెళ్లారు. అప్పుడు వంతు ఆయనది. తర్వాత ఆవిడ పోయారు, ఆయనకి గుండెజబ్బు వచ్చింది, ప్రయాణాలు ఆగిపోయాయి. నీలకంఠం గారు బల్ల మీద దుప్పటి కప్పి, ఎక్కడివాళ్లని అక్కడే ఉంచేశారు. ఎవరెక్కడ నిలబడ్డారో ఒక కాగితం మీద పటం కూడా గీసి పెట్టుకున్నారు. ఆయన చెయ్యి ఊరుకోదు కదా.

ఆ పటమే పనికొచ్చింది. కిందటి అక్టోబరు తుపానుకి గది మీది రేకులు లేచిపోయి బల్ల మీద వాన కురిసింది. సీసాన్ని నీళ్లేం చేస్తాయి? కానీ వాళ్లు నిలబడ్డ అట్టపీటలు నానిన అప్పడాల్లా ఉబ్బాయి, ఆనక బూజు పట్టాయి. రెండువందల ముప్పై ఎనిమిది మందినీ పాత పీటల నుంచి తీసి కొత్త చెక్కపీటల మీద నిలబెట్టాలి.

ఆ వీధిలో బుధవారం బుధవారం చేపలమ్మే కాసమ్మకి అదే తుపానుకి మొగుడు పోతయ్య పడవ పోయింది. మోకాలు అంతకు ముందే పోయింది. గంప ఎత్తలేక, తెలిసిన ఇళ్లలో పనేమైనా దొరుకుతుందేమోనని తిరుగుతూ మాఘమాసంలో ఈ వాకిట్లోకి వచ్చింది. నీలకంఠం గారు అరుగు మీద కూర్చుని ఒక సిపాయి కాళ్ల కింద చాకు దూర్చి పైకి ఎగదీస్తున్నారు. చీలమండ దగ్గర టప్పున విరిగింది. పక్కన తెల్లగుడ్డ మీద అప్పటికే కాళ్లు లేనివాళ్లు ఆరుగురు పడుకుని ఉన్నారు.

కాసమ్మకి ప్రాణం ఉసూరుమంది. "అలగ ఎగదీకండి బాబూ! రాతికంటుకున్న గుల్లని తీసినట్టు తియ్యాల. కత్తి పడుకోబెట్టి పక్కకి తోసుకెల్లాల. అదే ఒగ్గేత్తాది."

ఆయన చాకు ఆమెకిచ్చి పక్కకి జరిగారు.

ఈ నాలుగు నెలల్లో ఆమె జిగుళ్ల గుణాలన్నీ నేర్చుకుంది. తెల్లజిగురుతో అంటించినవాణ్ని పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి మడమల దాకా నిలబెడితే గంటలో మెత్తబడి విడుస్తాడు. చిన్నగొట్టంలో వచ్చే తక్షణపు జిగురు నీళ్లకి లొంగదు, చలికి లొంగుతుంది. ఆ సంగతి ఆమే కనిపెట్టింది. చేపల పెట్టెకి పెట్టిన అతుకు మంచు వేసిన రోజల్లా ఊడిపోయేదని గుర్తొచ్చి, "ఒకపాలి బరఫ్‌లో ఎట్టి సూద్దుమా?" అంది. మూడోది రెండు గొట్టాలు కలిపి చేసే జిగురు. దానికి నీళ్లూ పట్టవు, మంచూ పట్టదు. పీటని అంచుల నుంచి కటింగ్ ప్లేయరుతో కొరుక్కుంటూ వెళ్లి, కాళ్ల కింద మిగిలిన రవ్వంత ముక్కని ఆకురాయితో అరగదియ్యాలి. ఏ జిగురైనా పట్టుకోవలసింది నడుము దగ్గర. తలనీ తుపాకీనీ పట్టుకోకూడదు. తిప్పవలసింది పీటని, మనిషిని కాదు. కత్తిమొన ఎప్పుడూ బొటనవేలికి ఎదురుగా ఉండకూడదు. సీసం విషం కాబట్టి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోకుండా నోట్లో ఏదీ పెట్టకూడదు. అందుకే గదిలోకి వచ్చేముందు ఆమె నడుము దగ్గరి చుట్ట తీసి కిటికీలో పెడుతుంది.

మూడో రోజున ఒక డప్పువాడి కాలు ఆమె చేతిలో విరిగింది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. మర్నాడు చెయ్యి చాపి చూపిస్తే నీలకంఠం గారు గుండుసూది ముక్క లోపలికి దించి అతికించారు. "ఇప్పుడు మిగతావాళ్ల కన్నా వీడి కాలే గట్టిది," అన్నారు. అంతే. ఆమె తర్వాత ఎవరినీ విరవలేదు.

సాయంత్రం కాలనీ ఇంటికి వెళ్లగానే వల అల్లుకుంటూ పోతయ్య అడుగుతాడు: "ఈయేళ ఎంతమందిని లేపినావే?" సముద్రం పొడంపేట వీధుల్ని ఒక్కొక్కటే లాక్కుంటే సర్కారు వెనక్కి జరిపి కట్టించిన ఇల్లు అది. పడవ లేనివాడు, ఊళ్లోవాళ్ల వలలు బాగుచేస్తాడు. ఆమె లెక్క చెబుతుంది. ఇద్దరు. ముగ్గురు. ఒకరోజు పద్నాలుగు మందని చెబితే అతను నవ్వి, "సాల్లే, ఆల్లంతా లేచొచ్చి మనింట్లో బువ్వడిగితే?" అన్నాడు.

ఆ మాట ఆమెని పట్టుకుంది. మర్నాడు టీ ఇస్తూ నీలకంఠం గారిని అడిగింది. "ఈల్లకి వంటెవులు సేత్తారు బాబూ?"

ఆయన గ్లాసు పట్టుకునే లేచి బల్ల దగ్గరికి వెళ్లారు. ముప్పై అయిదేళ్లలో ఆ ఆలోచన రాలేదు. కొండలు గారికి ఉత్తరం రాశారు. వారంలో జవాబొచ్చింది. సైన్యం వెనక బళ్ల మీద కుండలూ ఆడవాళ్లూ వచ్చేవారనీ, మనం వాళ్లని తెప్పించుకోవడం మర్చిపోయామనీ, ఈ మాట అడిగిన మనిషిని తను చూడాలనీ ఉంది అందులో. నీలకంఠం గారు ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించారు. ఆ రోజు నుంచి కాసమ్మకీ ఆయన్ని చూడాలని ఉంది.

పదకొండున్నరకి మూత తీసింది. మొదటివాణ్ని సంచిలోంచి తీసి, నడుముకి గుడ్డ చుట్టి, పీట అంచుని పట్టకారుతో పట్టి రవ్వంత తిప్పింది. చిన్న చప్పుడు, వేరుశనక్కాయ ఒలిచినట్టు. ఊడి వచ్చాడు. ఆరుగురూ అలాగే వచ్చారు. పళ్లెంలోని ఇద్దరు వాళ్లంతట వాళ్లే పక్కకి ఒరిగారు. నీలకంఠం గారు భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కరినీ చెక్కపీట మీద నిలబెట్టారు.

"ఆదివారం ఎవులు గెలుత్తారు బాబూ?"

"ఎలా చెప్పను? వంతు వాడిది. ఎటు నడిపిస్తావురా అని ఎన్ని ఉత్తరాల్లో అడిగానో. 'వచ్చి చూపిస్తాను' అంటాడు. ఎనిమిదేళ్లుగా అదొక్కటే ఆలోచిస్తున్నాను కాసమ్మా."

మధ్యాహ్నం భోంచేసి ఆయన ముందుగదిలో నడుం వాల్చారు. కాసమ్మ మొండి గుర్రపువాణ్ని ముందేసుకుంది. నీలికోట్ల సేనాధిపతి. గుర్రం రెండు కాళ్లు గాల్లో ఉన్నాయి, బరువంతా అగ్గిపుల్లలో సగం లేని వెనక కాళ్ల మీద. మూడో రకం జిగురు. పీటని ఒక పక్క సగం కొరికింది. అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. ఆయన నిద్ర చెడకూడదని చటుక్కున తీసి పచ్చమీట నొక్కింది.

"బాబాయిగారేనా అండీ?" ఆడగొంతు. "నేను కమలాకుమారిని, కొండలు గారి కోడల్ని."

"బాబు పడుకున్నారమ్మా. నాను పనిసేసే కాసమ్మని."

"మామయ్యగారు పొద్దున్న పోయారమ్మా. ఆరుగంటలకి. కాఫీ తాగుతూ తాగుతూ అలాగే... సోమవారమే బ్యాగు సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకున్నారు. రేపు పది గంటలకి తీసుకెళ్తాం. బాబాయిగారు రాగలరేమో అడగమ్మా."

"సెప్తానమ్మా," అంది కాసమ్మ.

ఫోను కింద పెట్టింది. ముందుగదిలోంచి గురక సన్నగా వినిపిస్తోంది. లేవబోయి మళ్లీ కూర్చుంది.

తుపాను మర్నాడు, జనాన్ని చేర్చిన బడిలో, పోతయ్య కంచం ముందు కూర్చున్నప్పుడే ఎవరో వచ్చి ఆమె చెవిలో చెప్పారు, పడవ రెండు ముక్కలైందని. అతను రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఆమె గరిటె తీసుకుని ఇంకొంచెం అన్నం, పప్పు వడ్డించింది. తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పింది. ముందే తెలిసీ చెప్పలేదని అతను ఇన్ని నెలల్లో ఒక్కసారైనా దెప్పలేదు.

ఇప్పుడు చెబితే ఆయన ఈ గది మొహం చూడరు. సగం కొరికిన పీట మీద ఈ గుర్రం ఎన్నాళ్లు నిలబడుతుంది? కాసమ్మ కొంగు కళ్లకి అద్దుకుని, గుర్రాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. అంచు కొరకడం, తిప్పడం, కొరకడం. డెక్కల కింద మిగిలిన ముక్కని ఆకురాయితో ఊపిరి బిగబట్టి అరగదీసింది. ముప్పావు గంట పట్టింది. కాళ్లు రెండూ నిలిచాయి.

సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. టీ పెట్టి, గ్లాసు తీసుకుని వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నిలబడింది.

"బాబూ. విశాపట్నం నుంచి ఫోనొచ్చింది."

ఆయన లేచి కూర్చున్నారు. ఆమె ముఖం చూశారు. "కొండలా?"

"అవు బాబూ. పొద్దున్న ఆరింటికి. కాఫీ తాగతా తాగతా పోయారంట. బాద పడలేదు." బ్యాగు సంగతి కూడా చెప్పింది. దాచబుద్ధి కాలేదు.

ఆయన టీ గ్లాసు అందుకుని, తాగకుండానే మంచం పక్కన పెట్టారు. "ఎప్పుడొచ్చింది ఫోను?"

"గంట దాటింది. గుర్రపోడు సగంలో ఉన్నాడు బాబూ. తప్పయితే..."

"ఊడిందా?"

"ఊడింది. కాల్లు రెండూ బాగున్నాయి."

ఆయన తల ఊపారు. "రాత్రికి చేరాలంటే ఆరున్నర బండి పట్టుకోవాలి," అంటూనే గదిలోకి నడిచారు. సేనాధిపతికి ఆఖరి చెక్కపీట అమర్చారు. తర్వాత పటం బల్ల అంచున పరిచి, ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల చోట్ల పెట్టడం మొదలుపెట్టారు. కాసమ్మ అందించింది, ఆయన నిలబెట్టారు. వాగుకి ఇటు ఎరుపు, గుట్ట మీద నీలం. గంటన్నర పట్టింది. అంతమందినీ ఒక్కచోట చూడడం కాసమ్మకి ఇదే మొదటిసారి. ఒక్కొక్కడినీ నడుము పట్టుకుని ఎత్తిన చెయ్యి తనది. అయినా అంతా కలిసి నిలబడితే ఎవరో కొత్తవాళ్లలా ఉన్నారు.

"వాడు గుట్ట దిగి వస్తాడనుకున్నాను," అన్నారు నీలకంఠం గారు చివరికి. "ఒక్కోసారి, వాగు దాటి పక్క నుంచి కొడతాడనుకునేవాణ్ని. నువ్వయితే ఏం చేస్తావు?"

కాసమ్మ బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్లి, మోకాలు పట్టుకుని వంగి, గుట్ట ఎత్తున చూపు పెట్టి చూసింది. "నానైతే ఎవుల్నీ కదపను బాబూ. మావోల్లు అలివి వల యేసినాక సేప ఎనక పరిగెట్టరు, తాడట్టుకుని ఒడ్డున కూకుంటారు. ఎర్రోల్లు వాగు దాటి అలిసిపోయి రావాల గదా, రానియ్యి."

"కదపకుండానా?" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వంతు వచ్చి కూడా కదపకుండా..." అద్దాలు మళ్లీ పెట్టుకుని గుట్ట వైపు చూశారు. "ఏమో. వాడు చేసేవాడే. చెప్పలేం," అన్నారు.

బీరువా తెరిచి ఒక కొయ్యస్కేలు తీశారు. ఒకప్పుడు కార్యాలయంలో పటాలు గీసింది, అంచున ఇత్తడి బద్ద ఉన్నది. ఎవరి వంతైతే వాళ్ల దగ్గర ఉండేదట అది. దానితో కొలిచి సిపాయిల్ని నడిపించేవారట. దాన్ని పంచెతో తుడిచి, బల్లకి అవతలి వైపు, నీలికోట్ల వెనక పెట్టారు.

ఆటో వచ్చింది. చేతిసంచి, మందులు, నీళ్లసీసా కాసమ్మే అందించింది. తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ, "నేను నాలుగు రోజులు రాకపోవచ్చు. వచ్చి గది తుడువు," అన్నారు. బల్ల గురించి ఏమీ చెప్పలేదు. ఆటో మలుపు తిరిగే దాకా ఆమె గేటు దగ్గరే ఉంది.

లోపలికొచ్చి మంచుపెట్టెలో నీళ్లు పెరట్లో పారబోసింది. చెక్కపొడి, అట్టముక్కలు ఊడ్చి ఎత్తింది. కిటికీలోంచి చుట్ట తీసుకుని నడుమున దోపుకుంది. దుప్పటి చేతిలోకి తీసుకుని, కప్పాలా వద్దా అని బల్ల దగ్గర నిలబడి చూసింది. చివరికి దుప్పటి మడిచి నీలకంఠం గారి కుర్చీ మీద పెట్టి, తలుపు దగ్గరికి లాగింది.

కిటికీలోంచి వస్తున్న పొద్దువెలుగులో, ఖాళీ కుర్చీకి ఎదురుగా, కొయ్యస్కేలు సున్నా కొస నీలికోట్ల మడమలని తాకుతూ పడుకుని ఉంది.