దండ వేశాక చదివే కాగితం

రికార్డు గదిలో బీరువాల మధ్య నడుస్తూ నడుస్తూనే రోహిణి పేడతో అలికిన అరుగు మీదికి వచ్చేస్తుంది, అక్కడ ఎప్పుడో పోయిన నాయనమ్మ అసిరమ్మ తలుపు మీద జేగురుతో రాసిన జనాభా లెక్కల నంబరును కొంగుతో తుడుస్తూ ఉంటుంది, తుడిచినకొద్దీ అది ఎర్రబడుతూనే ఉంటుంది.

"కాగితం దొరికిందేటే?"

దొరికింది. వంశవృక్షం రాద్దామని పాత జనాభా లెక్కలు తిరగేస్తుంటే నిన్ననే దొరికింది. అందులో ఇంటి యజమాని గౌరునాయుడు, అంటే తాతకు అన్న. అందరికన్నా చివర 'అసిరమ్మ, పనిమనిషి' అని ఉంది.

"ఎందుకు ఊరుకున్నావు నాయనమ్మా?"

"లెక్కలోడు మొగుడి పేరు సెప్పమన్నాడు. ఆడది మొగుడి పేరు పలుకుతాదేటి? మీ తాత కలకత్తా మిల్లులో ఉన్నాడు. నాను నోరు మూసుకుంటే, ఈ అరుగు మీంచే మీ పెద్దతాత 'అది మా పనిమనిసి, రాసుకో' అనీసినాడు. మీ తాత పోయినాక ఆ రాతే సూపించి నన్నూ, సంకలో ఉన్న మీ నాన్ననీ గెంటీసినాడు. ఊరంతా ఎరుగుదురు, ఒక్కడూ నోరిప్పనేదు."

అరుగు మెల్లగా రైలుపెట్టెలా కదులుతుంది, కిటికీలోంచి ఆదివారం జరగబోయే వంశం వాళ్ల కలయిక కనిపిస్తుంది, గౌరునాయుడి ఫోటో ముందు వంశవృక్షం చదవాల్సింది రోహిణే. గొడవెందుకని ఆ ఒక్క కాగితాన్నీ ఆమె పక్కన పెట్టేసింది.

"పోయినవాళ్లతో పేచీ ఎందుకు నాయనమ్మా?"

"నానూ పోయినదాన్నే. నా కడుపుమంట పోనేదు." అసిరమ్మ కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. "ఆడికి దండెయ్యనీ. ఆడి మనవలు సప్పట్లు కొట్టనీ. అప్పుడు సదువు, ఆడు రాయించింది రాయించినట్టు. ఒక్కడి మొకం మీదా నవ్వు మిగలకూడదు."

భయపడాల్సింది పోయి రోహిణికి ఆ మాట ఎంతో హాయిగా ఉంటుంది.

"మరి తాత పేరు?"

"నాను సెప్పను. నువ్వు సెప్పు, గట్టిగా."

రోహిణి నోరు తెరుస్తుంది, మాట రాదు, ఆమె బదులు అరుగు మీంచి ఎవరో మగగొంతుతో జవాబు చెబుతూనే ఉంటారు.

మెలకువ వచ్చింది. ఒళ్లో సగం కుట్టిన జాకెట్టు, ఎదురుగా కుట్టుమిషను. గుమ్మంలో జనాభా లెక్కల టీచరమ్మ నిలబడి ఉంది. భర్త సుధీర్ తాపీగా చెబుతున్నాడు.

"మా ఆవిడా? ఆవిడకి పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది. అలాగే రాసుకోండి."

"ఆగండి టీచరుగారూ," అంటూ రోహిణి లేచింది. "నా సంగతి నేను చెబుతాను."

గుమ్మం వైపు వెళ్తూ వెళ్తూ, పక్కన పెట్టిన కాగితాన్ని తీసి ఆదివారం తీసుకెళ్లాల్సిన సంచిలో అన్నిటికన్నా పైన పెట్టింది.