పితరుల పథ్యం

మథురలో చౌబే బ్రాహ్మల వాడకి గిర్రాజ్ చౌబే బొజ్జ ఊరుమ్మడి ఆస్తి. యమునలో మునగడానికి వచ్చిన యాత్రికులు ఘట్టానికి దారి అడిగితే, "అదిగో, ఆ బొజ్జ ఎటు పోతే అటు పొండి, ఏటికే తేలతారు" అని చెప్పేవారు. పితృపక్షాల్లో ఏ ఊరి సేఠ్ వచ్చి తన పెద్దల పేరున విస్తరి వేసినా, దాని ముందు గిర్రాజ్ కూర్చున్నాడంటే ఇక దిగులు లేదు. కింద ఈయన తింటే పైన వాళ్ళు త్రేన్చేవారని నమ్మకం.

తిండి అయ్యాక కర్త చేతులు కట్టుకుని "తృప్తేనా మహారాజ్?" అని అడగాలి. భోక్త "తృప్తి" అనాలి. అన్నాక ఇంక మెతుకు ముట్టడానికి లేదు. గిర్రాజ్ ఇంట్లో తాత నాటి నుంచీ ఆ మాట ఎవరూ తమంతట తాముగా అన్న పాపాన పోలేదు. వడ్డించేవాడి రెక్కలు పడిపోవాలి, గంగాళం అడుగు గీరిన చప్పుడు వీధిలోకి వినపడాలి, అడిగీ అడిగీ కర్తే అలసిపోవాలి. అప్పుడు కాని లేచేవారు కారు. అదీ వంశ మర్యాద.

ఆ మర్యాదకి ఇరవై ఆరేళ్ళుగా చెంబుతో నీళ్ళందిస్తున్న ఇల్లాలు కుంజో. హోలీ వెళ్ళిన మర్నాడు భర్తకి వీపు తోమి ముందుకి వచ్చేసరికి, బొడ్డు పక్కన నిమ్మకాయంత వాపు కనపడింది. నొక్కితే లోపలికి పోతోంది, దగ్గితే బయటికి వస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"దీపావళి నుంచి. రాజభోగం మిఠాయి తిన్నప్పుడల్లా లేచి దణ్ణం పెట్టి పోతోంది, మంచిదే."

ఆ మంచిదాన్ని వెంటపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నవ్వే మనిషి కాదు. "పేగు బయటికి తన్నుకొస్తోంది. ఏ రోజైనా మెలిపడిందంటే పూటలో ప్రాణం పోతుంది. కొయ్యాలి. కాని ఈ లావు మీద మత్తు ఇస్తే అందులోంచి లేస్తాడని నేను పూచీ పడలేను. చలికాలం వచ్చేలోపు వంద కిలోలకి రండి, కోస్తాను" అంది.

ఇప్పుడెంత ఉన్నాడో చూద్దామంటే ఆసుపత్రి తూకం ముల్లు నూట ఇరవై దాకా పోయి, ఇంక దారి లేక ఆగిపోయింది. చివరికి గోధుమల కొట్లో బస్తాలు తూచే కాటా ఎక్కించారు. నూట ముప్పయ్యొకటి.

"గోనెసంచి తూకం తీసెయ్యమంటారా చౌబేజీ?" అన్నాడు కొట్టు లాలా, ముఖం ఎంతో గంభీరంగా పెట్టి.

కుంజో బడికి వెళ్ళింది రెండేళ్ళే. లెక్కలు పెద్దగా రావు. కాని వంద అన్న అంకె ఆ రోజు నుంచి ఆమెకి ఇష్టదైవం అయిపోయింది. నెయ్యి డబ్బా తీసుకెళ్ళి ఉప్పు బస్తా వెనక దాచింది. పూరీల మూకుడు పుట్టింటికి పంపేసింది. బార్లీ రొట్టె, పెసరకట్టు, సొరకాయ.

"ఇదేమిటే?"

"సొరకాయ."

"మరి నిన్న తిన్నది?"

"అదీ సొరకాయే. నిన్నటిది పొడుగు, ఇవాళ్టిది గుండ్రం."

గిర్రాజ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాడు. పొద్దున్నే వ్యాయామశాలకి పోయి వస్తూ వస్తూ పేడాల మిఠాయి కొట్టు దగ్గర ఆగేవాడు. మీసాల మీద కోవా పొడి చూసి కుంజో అడిగితే, "గుడిది. ప్రసాదానికి బరువుండదు" అనేవాడు.

"బరువు లేకపోతే పూజారి పొట్ట గాలితో నిండిందా?" అని ఆమె మర్నాటి నుంచి తనే వ్యాయామశాల గుమ్మంలో కూర్చుని, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేది. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, కొవ్వు కరిగింది. శ్రావణం వచ్చేసరికి కాటా నూట ఎనిమిది చూపించింది. ధోవతి నడుం చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. చౌబే లావుగా ఉంటే ఎవరూ ఏమీ అనరు. చిక్కితేనే పరామర్శకి వస్తారు. పినతండ్రి కొడుకు మాఖన్ అయితే రోజూ అరుగు మీదే. వాడికి నూట పాతిక కిలోల ఒళ్ళు, దానికి రెండింతల నోరు.

"వదినా, అన్నయ్య నీడ ఈమధ్య మన గోడలోనే ఇమిడిపోతోంది, చూశావా? ఇదివరకు పక్కింటివాళ్ళక్కూడా చల్లగా ఉండేది."

"నువ్వూ మూడు నెలలు నా చేతికింద తిను మరిదీ. నీ నీడని మడిచి జేబులో పెట్టుకోవచ్చు."

వాడు నవ్వేవాడు గాని, వాడి కన్నంతా భాద్రపదం మీదే ఉందని కుంజోకి తెలుసు. ప్రతి ఏటా బహుళ పంచమికి కలకత్తా నుంచి సేఠ్ ఝూమర్‌మల్ వస్తాడు. వాళ్ళ తాతకి గిర్రాజ్ తాత తిన్నాడు, వాళ్ళ నాయనమ్మకి గిర్రాజ్ తండ్రి తిన్నాడు, ఇప్పుడు వాళ్ళ నాన్నకి గిర్రాజ్ తింటున్నాడు. సేఠ్ మటుకు చీపురుపుల్లలా ఉంటాడు. రెండు ఎండు పుల్కాలు, గుప్పెడు మాత్రలు, అదే ఆయన భోజనం. డాక్టర్లు ఆయన్ని తిననివ్వని సరుకంతా ఏడాదికోసారి గిర్రాజ్ విస్తట్లో చూసుకుని వెళ్తాడు.

పంచమి నాడు ధర్మశాల వాకిట్లో లడ్డూలు తట్టలకెత్తి పెట్టారు. సేఠ్ గిర్రాజ్‌ని చూశాడు. చూసి, పట్టుకోవడానికి ఏదైనా ఉందా అన్నట్టు వెనక్కి చెయ్యి చాపాడు.

"చౌబేజీ! ఇదేం రూపం? ఇదేనా మీరు?"

"నేనే సేఠ్‌జీ. కాస్త..."

"అయ్యో, ఇప్పుడు తెలిసింది! చైత్రం నుంచీ మా నాన్న కలలోకి వస్తున్నాడు. చొక్కా వేలాడుతోంది, దవడలు లోపలికి పోయాయి. ఏమీ అనడు, నన్ను చూస్తాడంతే. ఎందుకు చిక్కావు నాన్నా అని ఎన్నిసార్లు అడిగాను! ఆయన తినే నోరే మీది. ఆ నోటిని మీరు కట్టేసుకుంటే ఆయన ఎక్కడికి పోతాడు?"

ఈ మాట కోసమే కాచుకున్నట్టు గుమ్మంలోంచి మాఖన్ పొట్టా, ఆ వెనకాల మాఖనూ లోపలికి వచ్చారు. "సేఠ్‌జీ, కంగారుపడకండి. మీ నాన్నగారు నాకూ పెదనాన్న లాంటివారే."

గిర్రాజ్ ముఖం జేవురించింది. మూడు తరాల విస్తరి కళ్ళముందే పక్కకి జరుగుతోంది. పీట మీద ధబ్బున కూర్చుని, "వడ్డించండి! తట్ట తట్టంతా ఇటు పెట్టండి!" అని అరిచాడు. అరవడంలో ఎడంచెయ్యి తనకి తెలియకుండానే బొడ్డు పక్కకి పోయింది. అది కుంజో ఒక్కతే చూసింది.

ఇరవై ఆరేళ్ళలో ఆమె ఏ సేఠ్ ముందూ పెదవి విప్పలేదు. ఆ వేళ తల మీది కొంగు ముఖం మీదికి లాక్కుని ముందుకి వచ్చింది.

"సేఠ్‌జీ, తప్పనుకోకపోతే ఒక మాట. పెద్ద సేఠ్‌గారు ఏ జబ్బు చేసి పోయారు?"

"షుగరమ్మా. కాలు కూడా తీసేశారు. చివరి రోజుల్లో లడ్డూ లడ్డూ అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరు వద్దంటే మేం పెట్టలేదు. ఆ ఉసురు ఉండకూడదనే ఇక్కడ ఇన్ని పెట్టిస్తాను."

"జబ్బు ఇక్కడ వదిలి వెళ్ళారా, వెంట తీసుకెళ్ళారా?"

సేఠ్ ఆకాశంకేసి చూశాడు. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"తీసుకెళ్ళే ఉంటారు బాబూ. ఆకలి వెంట వెళ్ళగా లేనిది జబ్బు వెళ్ళదా? అక్కడ సూది వేసేవాళ్ళు లేరు, మాత్ర ఇచ్చేవాళ్ళు లేరు. మీరేమో ఏటా ఒక్క పూటలో అరవై లడ్డూలు పంపిస్తున్నారు. షుగరున్న మనిషి చిక్కిపోక ఏం చేస్తాడు? మా ఆయన చిక్కాడని పెద్దాయన చిక్కలేదు. మీ లడ్డూలకి చిక్కాడు."

"ఓరి భగవంతుడా!" సేఠ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఎనిమిదేళ్ళుగా! ఎనిమిదేళ్ళుగా నాన్నకి విషం పంపించానమ్మా!"

"డాక్టరు ఆయన్ని ఏం తినమన్నాడు?"

"బార్లీ రొట్టె, కాకరకాయ, మెంతికూర."

"అదే పెట్టించండి."

వంటవాడు గరిటె కింద పడేశాడు. "ముప్పై ఏళ్ళుగా పితరులకి వండుతున్నాను. వాళ్ళకి కాకరకాయ వండించింది నువ్వేనమ్మా. రేపు నేను పైకి పోయాక వాళ్ళు నన్ను ఊరుకుంటారా?" అని గొణుగుతూనే బార్లీ పిండి కలిపాడు. లడ్డూలు కోతులకి వేశారు. మాఖన్ ఆ కోతుల్ని చూసిన చూపుకి, కోతులు కూడా సిగ్గుపడి కాస్త దూరం జరిగి తిన్నాయి.

గిర్రాజ్ విస్తట్లో ఒక రొట్టె, పక్కన కాకరకాయ ముక్కలు పడ్డాయి. కుంజో కొంగు లోపల నవ్వుకుంది. పథ్యం తిండి ఎవరైనా ఎంత తింటారు? నాలుగు రొట్టెలు, మహా అయితే అయిదు.

ఆరో రొట్టెకి సేఠ్ చేతులు కట్టుకుని అడిగాడు: "తృప్తేనా మహారాజ్?"

గిర్రాజ్ పలకలేదు. పన్నెండో రొట్టెకి అడిగాడు. పలకలేదు. ఇరవైకి వంటవాడి ముఖంలో వెలుగు వచ్చింది, కాకరకాయ తనని గెలిపిస్తోందని. ముప్పై నాలుగో రొట్టెకి పిండి అయిపోయింది. సేఠ్ కళ్ళు తుడుచుకుంటూ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "ఇన్నాళ్ళకి మా నాన్న కడుపునిండా ఒంటికి పడే తిండి తిన్నాడు!"

ఇక కుంజో ఎవరితో చెప్పుకుంటుంది? తాను తవ్విన గోతిలో తనే పడింది.

ఆ సాయంత్రానికే కబురు ఘట్టం దాటింది. ఈ కాలంలో ఎవరి తండ్రి షుగరు లేకుండా పోయాడు? షుగరు కాకపోతే రక్తపోటు, అది కాకపోతే గుండె. గ్వాలియర్ నగల వర్తకుడు వచ్చాడు, "మా అమ్మకి ఉప్పు పనికిరాదు మహారాజ్" అంటూ. ఝాన్సీ వకీలు వచ్చాడు, వాళ్ళ నాన్నకి నూనె లేని కూరలట. పథ్యం భోక్త గిర్రాజ్ చౌబే అని పేరు పడిపోయింది. రోజుకి మూడిళ్ళు, ఒక్కోనాడు నాలుగు. మాఖన్ కూడా తెలివి తెచ్చుకుని, "గుండె జబ్బులన్నీ నాకు వదిలెయ్యి అన్నయ్యా, షుగర్లు నువ్వు చూసుకో" అని బేరానికి వచ్చాడు.

"నేను తినేదంతా నువ్వు పెట్టినదేగా?" అనేవాడు గిర్రాజ్, కుంజో ఏమైనా అనబోతే. "బార్లీ. సొర. కాకర. ఏనాడైనా నెయ్యి బొట్టు తగిలిందేమో నా మూతి వాసన చూసుకో."

త్రయోదశి నాడు కాటా ఎక్కించింది. నూట పధ్నాలుగు.

"ఇదేమిటి లాలా, తూకం పాడైందా? అన్నీ పథ్యం రొట్టెలే తిన్నాడు!"

"బార్లీ కూడా నా కొట్టుకి బస్తాల్లోనే వస్తుంది చౌబాయినమ్మా" అన్నాడు లాలా.

ఆ మధ్యాహ్నం మూడో ఇంటి నుంచి వచ్చి గిర్రాజ్ మంచం మీద వాలాడు. వాపు రాయిలా ఉంది. లోపలికి పోవడం లేదు. నొసటి మీద చెమట, పెదాలు తెల్లబడ్డాయి. కుంజో కాళ్ళకింద దిండ్లు పెట్టి, ఆసుపత్రికి రిక్షా పిలవబోయింది. ఇంతలో అది గుడగుడమని లోపలికి జారింది. ఆయన ఊపిరి వదిలి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు. ఎల్లుండి అమావాస్యకి మూడిళ్ళున్నాయి."

కుంజో చెప్పలేదు. అమావాస్య పొద్దున తనే ఆ మూడిళ్ళకీ వెళ్ళి, "ఇవాళ మా నాన్నకి పెట్టుకుంటున్నాను. ఆయనకి కొడుకుల్లేరు, అల్లుడే భోక్త. ఈ పూట మా ఇంటాయన ఇంకెక్కడా తినకూడదు" అని చెప్పి వచ్చింది.

గిర్రాజ్ పీట మీద కూర్చున్నాడు. కుంజో వడ్డించింది. రెండు రొట్టెలు, సొరకాయ, గిన్నెడు పెరుగు. దాని పక్కన సగం లడ్డూ.

"సగమేమిటే?"

"మా నాన్న పందెం కట్టి లడ్డూలు తిన్నాడని మీకు తెలుసు. ఎనభై అయ్యాయి. ఎనభై ఒకటోది సగంలో ఉండగా గోడకి జారగిలబడ్డాడు. వాడవాళ్ళంతా ఏమన్నారో తెలుసా? ఎంత పుణ్యాత్ముడు, తింటూ పోయాడు అన్నారు. నాకు పధ్నాలుగేళ్ళు. పిడికిలి విప్పి ఆ సగం లడ్డూ తీసింది నేను. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది." ఆమె కొంగు బిగించుకుంది. "ఆయన్ని తృప్తేనా అని ఎవరూ అడగలేదు. ఎన్నయ్యాయి అనే అడిగారు. తినండి."

గిర్రాజ్ రొట్టెలు తిన్నాడు. సగం లడ్డూని చాలాసేపు నమిలాడు. జీవితంలో ఒక లడ్డూకి అంతసేపు ఆయన ఎప్పుడూ కేటాయించలేదు. కుంజో ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుంది.

"తృప్తేనా?"

వంటింట్లో ఇంకేమీ లేదని ఆయనకి తెలుసు. అయినా అలవాటు కొద్దీ అటు చూశాడు. తర్వాత ఆమె చేతుల వైపు చూశాడు. తండ్రి పిడికిలి విప్పిన వేళ్ళు అవే.

"తృప్తి" అన్నాడు. గొంతులోంచి వంశం వంశమంతా లేచి వచ్చినట్టు వచ్చింది ఆ మాట.

కుంజో కళ్ళు ఒత్తుకుని విస్తరి తియ్యబోయింది. గిర్రాజ్ దాని అంచు మీద వేలు పెట్టాడు.

"అది మామగారి మాట. ఆయన తరఫున చెప్పాను. మరి నా ఆకలి సంగతి?"

"మీ ఆకలి నెమ్మదిగా ఉంటే రోజూ రెండు పూటలా నేను పెడతాను. తొందరపడిందా, ఏడాదికోసారి మీ పేరున మన మాఖన్ తింటాడు."

"మాఖనా?" గిర్రాజ్ వేలు విస్తరి మీద నుంచి జారింది. "నా పేరు చెప్పి వాడు లడ్డూలు తింటాడా?"

"తట్టలకి తట్టలు. పైగా, వాడు తృప్తి అనడు."

గిర్రాజ్ చెంబు అందుకుని, చేతులు కడుక్కుని లేచాడు.