నేను కట్టిన స్టేషన్

నా ఫోన్‌లో చెవి దగ్గరి స్పీకరు చచ్చి ఏడాదైంది, లౌడ్‌స్పీకరే గతి. ఎవరు మాట్లాడినా చుట్టూ ఉన్నవాళ్లంతా వినాల్సిందే. ఆ రోజు నర్సీపట్నం ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్సు ఎదురుగా తాతాజీ టీ కొట్లో కృష్ణదేవిపేట బస్సు కోసం కూర్చున్నాను. ఉదయం పదకొండైంది. హైదరాబాద్‌లో కూతురి దగ్గరికెళ్లిన నా భార్య అప్పలలక్ష్మి ఫోన్ చేసింది.

"ఏటయ్యా! పిల్ల రైల్లో ఎల్లిపోనాది!"

"ఏ పిల్ల? ఏ రైలు? సరిగ్గా సెప్పవే!"

"మన సాయి! నువ్వు కట్టిన స్టేషన్లోనే! మెట్రో రైలు ఆగీసరికి అది ముందెక్కేసింది. నా సంచీ జనాల్లో ఇరుక్కుపోనాది. తలుపులు మూసుకుపోనాయి. అద్దంలోంచి నన్నే సూస్తా ఎల్లిపోనాదయ్యా!"

సాయిలక్ష్మి నా మనవరాలు. ఆరేళ్లు. దాని తల్లి మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. డ్యూటీలోకి వెళ్లిందంటే ఫోను లాకర్లో పెట్టేయాలి. బడికి సెలవని పిల్లని తీసుకుని బయల్దేరింది అప్పలలక్ష్మి. చదువు రాదు. ఫోన్‌లో పచ్చబొత్తం రెండుసార్లు నొక్కితే నేను పలుకుతానని మాత్రం తెలుసు.

"కంగారు పడకు పిన్నీ! ఆ స్టేషన్ కట్టిందే బాబాయి కదా!" అని తాతాజీ స్టౌ దగ్గర్నుంచే అరిచాడు.

ఆ మాట వాడికి నేర్పింది నేనే. ఆ బెంచీ మీద టీ నీళ్లతో, వేలితో ఎన్నిసార్లు గీసి చూపించానో లెక్కలేదు. "రెండు లైన్లు కలిసే స్టేషనురా అది. మేం ఎల్లీసరికి రోడ్డు మజ్జిన డివైడరూ, నాలుగు గన్నేరు మొక్కలూ తప్ప ఏటీ నేదు. గోతులు తీసి స్తంబాలు నేపేం. రోడ్డు మీద ఒక అంతస్తు, అది టికెట్లకి. దాని మీద ఒక లైను, అటూ ఇటూ ప్లాట్‌ఫారాలు. దాని నెత్తి మీంచి అడ్డంగా ఇంకో లైను. మూడంతస్తుల్లోనూ ప్రతి రాడ్డూ నా సేతి మీదుగా ఎల్లిందే!" అనేవాణ్ని. విన్నవాళ్లు నోరెళ్లబెట్టేవారు. ఎవరో ఒకరు టీ ఇప్పించేవారు. పన్నెండేళ్లుగా ఇదే భాగోతం.

నిజానికి నేను అక్కడ చేసింది నాలుగు నెలలు. రేకుల షెడ్డులో నేల మీద కూర్చుని స్తంభాలకి ఇనుప రింగులు వంచాను. ఒకే ఒక్కరోజు పైకి పంపారు. మొదటి అంతస్తు ఎత్తుకి చేరేసరికి కళ్లు తిరిగి, అక్కడున్న ఇనుప గొట్టాన్ని వాటేసుకుని ఏడ్చాను. ఇద్దరు పట్టుకుని దించారు. మర్నాడే సిగ్గుతో పెట్టె సర్దుకుని వచ్చేశాను. పట్టాలు వేయడం చూడలేదు, రైలు తిరగడం చూడలేదు. షెడ్డు గోడకి అంటించిన ప్లాను కాగితం ఒక్కటే నేను చూసిన స్టేషన్.

"బేగి సెప్పయ్యా! ఎటెల్లాలి? ఎవుల్నైనా అడగనా?"

కొట్లో ఏడెనిమిది మంది నా మొహమే చూస్తున్నారు. అప్పుడే చెప్పేయాల్సింది. దిక్కుమాలిన పరువు అడ్డొచ్చింది.

"ఎవుల్నీ అడగకు! పిల్లల్ని ఎత్తుకెల్లే ఎదవలుంటారు. నాను సెప్తాను కదా. పైకెక్కు. పై లైను సివర్న ఆఫీసు గదుంటాది. ఆల్లకి సెప్తే రైలు ఆపుతారు."

ప్లానులో పై అంతస్తు చివర ఒక చిన్న డబ్బా గీసి ఉండేది. అది ఆఫీసని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఫోన్‌లో ఆయాసం వినిపిస్తోంది. దానికి మోకాళ్ల నొప్పులు. మెట్టుకో మూలుగు. "ఇంకా పైకా? ఓలమ్మో..." అంటూనే ఎక్కింది. కుడా, ఎడమా అనడిగితే ఎడమ అన్నాను. ఎందుకన్నానో దేవుడికే ఎరుక.

"గదేదయ్యా? ఇక్కడ గోడే ఉంది. గోడవతల కిందని రోడ్డు. బస్సులు అగ్గిపెట్టెల్లాగున్నాయి. నాకు కళ్లు తిరుగుతున్నాయయ్యా, పడిపోతానేటో."

పన్నెండేళ్ల కిందటి ఆ గొట్టం మళ్లీ చేతుల్లో ఉన్నట్టే అనిపించింది. నేను ఎక్కలేక దిగిపోయిన చోటికంటే పైకి, అరవై ఏళ్ల మనిషిని ఎక్కించాను. ఇంతలో దాని ఫోను టింగుమంది. చార్జింగ్ అయిపోవస్తోంది.

"కుడిపక్కనుంటాదేమో బాబాయ్, సరిగ్గా గుర్తు తెచ్చుకో," అన్నాడు తాతాజీ, పాపం నమ్మకంగా.

"లచ్చీ, ఇను. నాకు తెలీదు."

"ఏటి తెలీదు?"

"ఆ స్టేషన్ నాను కట్టనేదు. నేల మీద రింగులు వంచేను, అంతే. పైకెక్కితే బయమేసి పారిపోయొచ్చేసేను. అక్కడ ఏది ఎక్కడుందో నాకేటీ తెలీదు. నువ్వు దిగిపో. పిల్ల రైలెక్కిన సోటికే ఎల్లు. అది ఎనక్కొస్తే నిన్నక్కడే ఎతుక్కుంటాది. యూనిఫాం ఏసుకున్నోలు ఎవులు కనపడినా సెయ్యట్టుకుని ఏడు. గట్టిగా ఏడు!"

అప్పలలక్ష్మి దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. కొట్లో ఎవరూ నావంక చూడటం లేదు. కాసేపటికి ఒక్కసారిగా కేక.

"సాయీ! అటేపెందుకున్నావే! రాకు! పట్టాల మీదకి దిగకే తల్లీ! ఓరి బాబో, ఎవులైనా పట్టుకోండి!"

రైలొస్తున్న హోరు వినపడింది. ఫోను ఆగిపోయింది.

మళ్లీ చేశాను. స్విచాఫ్. ఇంకోసారి. స్విచాఫ్. నూకాలమ్మ తల్లికి మేకపోతుని మొక్కాను, చాలదేమోనని తలనీలాలు కూడా మొక్కాను. తాతాజీ స్టౌ కట్టేశాడు. కృష్ణదేవిపేట బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. పిల్ల ఏమైనా అయితే కూతురికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఈ నోరు కోసి పారేసినా పాపం తీరదు అనుకున్నాను.

పావుగంటకి తెలియని నంబరు. ఫోను తాతాజీ వైపు తోశాను. వాడే నొక్కాడు.

"తాతయ్యా, నేను దిగలేదు," అంది సాయిలక్ష్మి. "అమ్మమ్మ అరిచిందిగా, పసుపు గీత వెనకే ఆగిపోయా. సెక్యూరిటీ అంకుల్ నన్ను ఇటు తీసుకొచ్చాడు. ఇది అంకుల్ ఫోనే. నీ నంబరు నాకు నోటికొచ్చుగా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎలాగొచ్చేవమ్మా ఎనక్కి?"

"రైల్లో ఒక ఆంటీ తర్వాత స్టేషన్లో దించి, వెనక్కొచ్చే రైలెక్కించి తెచ్చింది. వచ్చేసరికి ఎదురు ప్లాట్‌ఫారం మీద అమ్మమ్మ లేదు. చాలాసేపు చూశాం. నన్ను వదిలేసి ఊరెళ్లిపోయిందనుకున్నా తాతయ్యా. తర్వాత కనపడేసరికి ఆంటీ చెయ్యి వదిలించుకుని పరిగెత్తా."

పిల్ల ఎక్కిన చోటునుంచి ముసలిదాన్ని కదిపింది నేను.

అప్పలలక్ష్మి ఫోను తీసుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. దాని గొంతు పీలగా ఉంది.

"నలబయ్యేళ్లు నీతో కాపరం సేసేను. బయమేసి దిగిపోయేనని నాతో సెప్తే నానేటి నవ్వీదాన్నా?"

టీ కొట్లో అందరూ విన్నారు. నేను బెంచీ మీద కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను.