వంటావిడ టోపీ

"ఆ వంటావిడ టోపీ కూడా ఆ చేత్తోనే జాడించి ఆరెయ్యవే" అని అత్త గదిలోంచి కేకేసింది. కోడలు బకెట్లోంచి టోపీ తీసింది. తెల్లగుడ్డ టోపీ, చుట్టూ సాగే పట్టీ. దానికి అంటుకున్న పొడుగాటి వెంట్రుక తీసి పారేసింది. సబ్బు పెట్టి రుద్దింది. అవసరానికి మించి గట్టిగా రుద్దింది.

కింద వాటాలో మొగుడు హోటలు పెడుతున్నాడు. పొయ్యిలు వచ్చాయి, బల్లలు వచ్చాయి, బోర్డు కూడా రాయించాడు. లైసెన్సు ఒక్కటే రావాలి. ఆరోగ్యశాఖ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ ఒకసారి వచ్చి చూసింది. చెత్తబుట్టకి మూత పెట్టమంది. కిటికీకి జాలీ కొట్టించమంది. వంట ముట్టుకునే ప్రతి మనిషికీ డాక్టరు పరీక్ష చేయించి ఆ కాగితం చూపించమంది. మళ్ళీ వస్తానని వెళ్ళింది.

అసలు ఆ హోటలు పుట్టిందే కోడలి చేతిలో. ఇంటికొచ్చి తిన్న స్నేహితులు లొట్టలేసి "నువ్వు హోటలు పెట్టరా బాబూ" అంటేనే మొగుడికి ఆలోచన వచ్చింది. జీతానికి పెట్టుకున్న వంటావిడకి పాళ్ళు నేర్పింది కోడలే. రోజూ కింద కూరలు చేసి రుచి చూపిస్తున్నదీ కోడలే. డాక్టరు దగ్గరికి మాత్రం వంటావిడ వెళ్ళింది. మొగుడే బండి ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

"నాకూ చేయించరా?" అని కోడలు అడిగింది.

"నీకెందుకే? నువ్వు ఇంటిమనిషివి" అన్నాడు మొగుడు.

అత్త నవ్వింది. "దుక్కలా ఉన్నావు, నీకు పరీక్షలేమిటే!"

వంటావిడ తిరిగొచ్చి అంతా చెప్పింది. "నాలుక చాపమన్నారు అమ్మగారూ. కంటి రెప్ప కిందికి లాగి చూశారు. గుండె మీద గొట్టం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. రక్తం కూడా తీశారు." కోడలు ఉల్లిపాయలు తరుగుతూ వింది. కళ్ళు మండాయి. అంతకంటే ఎక్కువగా కడుపు మండింది. రెండో కాన్పు తరవాత తన ఊపిరి ఎవరూ వినలేదు. వంటావిడ అందగత్తె అని కాదు, మొగుడు అటు చూస్తాడనీ కాదు. అదే అయితే ఏడ్చో తిట్టో తేల్చుకునేది. ఇది చెప్పుకుంటే నవ్విపోతారు. జీతానికొచ్చిన మనిషిని చూసి కుళ్ళుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఉంది, ఇక్కడే ఉంది. వంటావిడకి వచ్చే వేళ ఉంది, పోయే వేళ ఉంది. వేలు తెగినా ఒళ్ళు వెచ్చబడినా పొయ్యి దగ్గరికి రాకూడదని రాసి గోడకి అంటించి మరీ ఉంది. కోడలి వేలు తెగితే ఇంత గుడ్డపేలిక చుట్టుకుని మళ్ళీ కత్తి పట్టుకుంటుంది. కిందటేడు నిలబడలేని జ్వరంలో అన్నం వండి పెట్టింది. అందరూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కూరలో ఉప్పెక్కువైందని మాత్రం అన్నారు.

తనిఖీ రోజు పొద్దున్నే వంటావిడ ఫోను చేసింది. "ఒళ్ళు కాలిపోతోంది సారూ. రాకూడదు కదా. మీరే కదా గోడకి అంటించారు."

మొగుడు తల పట్టుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి పెళ్ళాన్ని చూశాడు. "ఆ టోపీ నువ్వు పెట్టుకో. పేరడిగితే ఆవిడ పేరు చెప్పు. కాగితం ఉందిగా, చాలు."

"నన్ను చూస్తే తెలిసిపోదూ?"

"కాగితం మీద ఫొటో లేదులే. అయినా టోపీ పెడితే ఆడాళ్ళంతా ఒకలాగే ఉంటారు."

కోడలు టోపీ పెట్టుకుంది. ఏప్రన్ నాడా బిగించింది. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం ఆమెకి బాగానే అనిపించింది.

ఇన్‌స్పెక్టరమ్మ జాలీ చూసింది, చెత్తబుట్ట మూత ఎత్తి చూసింది, ఫ్రిజ్ తెరిచి వాసన చూసింది. తరవాత కోడలి ముందుకొచ్చింది.

"వంట మీరేనా?"

"నేనేనండీ." అది నిజమే. పేరడిగితే వంటావిడ పేరు చెప్పింది.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం చూసి ముఖం విప్పార్చుకుంది. "మీ ఒంట్లో రక్తం బాగుందమ్మా! ఈ వయసు ఆడవాళ్ళలో ఇంత బాగా ఉండడం నేను చూళ్ళేదు. ఇంట్లో బాగా చూసుకుంటారనుకుంటా."

"అవునండీ, అవునండీ" అన్నాడు మొగుడు.

కోడలికి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. తన చేతి రుచికి ఆవిడ పేరు పెట్టేశారు, సరే. ఇప్పుడు ఎదురుగా తను నిలబడి ఉంటే, ఇంకొకత్తె రక్తాన్ని మెచ్చుకుంటున్నారు. తన ఒంట్లో ఎంతుందో ఎవరికి తెలుసు? తనకే తెలియదు. ఊరుకుంటే లైసెన్సు వచ్చేస్తుంది. ఊరుకోవడం ఆమెకి బాగా అబ్బిన విద్య. కానీ ఆ కుళ్ళు ఊరుకోనివ్వలేదు.

"ఆ రక్తం నాది కాదండీ" అంది.

రాస్తున్న కలం ఆగింది. మొగుడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మరి మీరెవరు?"

"ఇక్కడ వంట నాదే. నాకు పరీక్ష చేయించలేదు."

"మా ఆవిడండీ" అన్నాడు మొగుడు. "ఊరికే, సాయానికి ఓ చెయ్యి వేస్తుంది."

"ఊరికే వేసినా చెయ్యి చెయ్యేనండీ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఈవిడ రిపోర్టు చూసేదాకా లైసెన్సు లేదు. అప్పటిదాకా ఈవిడ వంట ముట్టుకోకూడదు." ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

"ఒక్క పూట నోరు మూసుకోలేకపోయావా?" అన్నాడు మొగుడు. "పరువు బజారున పడేశావు కదే" అంది అత్త. కోడలు టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక్కతే నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మేడ మీద పొయ్యి చల్లగా ఉంది.

"అన్నం పెట్టవే, ప్రాణం పోతోంది" అంది అత్త.

"వంట ముట్టుకోవద్దన్నారు కదా అత్తయ్యా."

"అది కింద. ఇది ఇల్లు."

"చేతులు ఇవేగా. హోటల్లో తినేవాళ్ళవేనా ప్రాణాలు? మీవి కావూ?"

అత్త కొడుకు వంక చూసింది. కొడుకు పెళ్ళాం వంక చూశాడు. ఆమె కుర్చీ లాక్కుని కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. చేసేది లేక అతనే వంటింట్లోకి వెళ్ళాడు. రెండు డబ్బాలు కింద పడ్డాయి. బియ్యం ఏ డబ్బాలో ఉన్నాయో దొరకలేదు.

"ఇంతకీ ఆ రిపోర్టు ఎప్పుడొస్తుందన్నారు?" అని లోపల్నించే అరిచాడు.

"అడగలేదు" అంది కోడలు.