టైపక్క సరిచేసిన వాక్యం

కోర్టులో అందరూ టైపక్క అని పిలిచే టైపిస్టు అప్పటికే మూడో కాగితం మిషనులోకి ఎక్కిస్తోంది. విచారణ గుట్టుగా జరగాలని కోర్టు హాలు తలుపులు మూసేశారు. ఫ్యాను తిరుగుతోందన్న మాటే గాని, గాలి జడ్జిగారి బల్ల దాటి రావడం లేదు.

ముప్పయ్యేళ్లుగా ఆమె పని ఒకటే. సాక్షి తన మాటల్లో చెబుతుంది. జడ్జిగారు దాన్ని కోర్టు భాషలో పెట్టి పలుకుతారు. ఆ పలికిందే ఆమె కొడుతుంది. "నీ చెవులకీ వేళ్లకీ మాటల్లేవు గదక్కా!" అని బంట్రోతు వేళాకోళమాడితే నవ్వేసేది.

బోనులో అమ్మాయికి ఇరవై ఉంటాయేమో. పనిచేసే దుకాణం యజమాని తనను గోదాములో చెరిచాడని ఫిర్యాదు. ఎదుటి లాయరు తాపీగా అడిగాడు.

"పక్క గదిలోనే నలుగురు పనివాళ్లున్నారు. ఎందుకు అరవలేదు?"

"అరుద్దామనే నోరు తెరిచానండీ. గొంతు రాలేదు."

జడ్జిగారు ఇటు తిరిగి, "సాక్షి అరవలేదు," అన్నారు.

ఆమె వేళ్లు 'సాక్షి' దాకా వెళ్లి ఆగిపోయాయి.

పదకొండేళ్ల కిందట ఇంకో పిల్ల. ఇదే జవాబు. అప్పటి జడ్జిగారూ ఇలాగే పలికారు, ఆమె తడబడకుండా కొట్టేసింది. ఆ వాక్యాన్ని పట్టుకునే నిందితుణ్ణి వదిలేశారు. ఆ తీర్పూ ఆమె చేతి మీదుగానే టైపయింది. ఒక్క తప్పు లేదని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుకు తాను మురిసిపోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

టైపక్క లేచి నిలబడింది.

"అయ్యా, గొంతు రాలేదన్నారండీ ఆవిడ."

"ఇదేం చోద్యం! ఇక మిషను కూడా వాదిస్తుందా?" అన్నాడు ఎదుటి లాయరు.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి ఆమె వంక చూశారు. తర్వాత బోను వైపు తిరిగి, "మళ్లీ చెప్పమ్మా," అన్నారు. అమ్మాయి మళ్లీ అదే చెప్పింది.

"ఆమె చెప్పినట్టే కొట్టండి."

సాయంత్రం వరండాలో, అమ్మాయి తరఫు లాయరమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ జోడించింది.

"ఆ ఒక్క మాటే మా కేసుకు ప్రాణం అక్కా."

"నాకు దండం పెట్టకమ్మా. ఇలాంటి పిల్లే ఒకతి ఇదే మాట చెప్పింది. చెవులారా విన్నాను. వినీ, అరవలేదనే కొట్టాను."

వెనకే అమ్మాయి వస్తోంది. ముఖం చూపించలేక టైపక్క స్తంభం చాటుకు తప్పుకుంది. వాళ్లు వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత మెట్లు దిగింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం టైపక్క కునుకులోనే పోయింది. టీ పెట్టి లేపబోయిన చెల్లెలికి తెలిసింది.

సోమవారం కొత్త టైపిస్టు వచ్చాడు. బంట్రోతు ఆమె కుర్చీలోని దిండు తీసి దులిపి, ఏం చెయ్యాలో తోచక కాసేపు పట్టుకు నిలబడ్డాడు. చివరికి దాన్ని సాక్షులు తమ వంతు కోసం కూర్చునే చెక్క బల్ల మీద పెట్టి వెళ్లాడు. వెలిసిన నీలం దిండు, ఒక మూల కుట్టు ఊడి దూది కనబడుతూ, ముప్పయ్యేళ్లు మోసిన బరువుకు మధ్యలో పల్లంగా అణిగిపోయి ఉంది.